ఉదయగిరి మిషనుకు ఆత్మకూరు మెమొరీ

ఏమీ తెలియనివాళ్ళ మీద నాకు ఎప్పుడూ కోపం లేదు. తెలిసినట్టు నటించేవాళ్ళను చూస్తేనే ఒళ్ళు మండుతుంది. తొంభైల చివర్లో ఉదయగిరి బస్టాండు దగ్గర ఒక మేడ మీద టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేశాను. అక్కడున్నంత కాలం అలాంటివాళ్ళే తగిలారు. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. నెల్లూరులో ఆరు నెలలు కంప్యూటర్ కోర్సు చేసి, సర్టిఫికెట్‌ను ప్లాస్టిక్ కవర్లో పెట్టుకొని వచ్చినవాణ్ణి. కంప్యూటర్ల విషయంలో ఆ ఊళ్ళో నా అంతవాడు లేడని నా నమ్మకం. పోటీకి ఎవరూ లేరు కాబట్టి ఆ నమ్మకానికి ఢోకా కూడా లేదు.

యజమాని తాలూకాఫీసులో టైపిస్టుగా చేసి రిటైరైన పెద్దమనిషి. ముప్పై ఏళ్ళు ఇంకొకరు రాసినదాన్ని కొట్టీ కొట్టీ, అదంతా తన తెలివేనని నమ్మే స్థితికి వచ్చినవాడు. నెల్లూరులో ఏదో ఆఫీసువాళ్ళు వదిలించుకున్న పాత కంప్యూటర్‌ను వేలంలో పాడుకొని, బస్సులో దానికొక సీటు, తనకొక సీటు టికెట్టు తీసుకొని తెచ్చాడు. అది ఫోర్ ఎయిటీ సిక్స్. అప్పటికే నెల్లూరులో దాని పేరెత్తితే నవ్వుతున్నారు. ఈయన మాత్రం దాన్ని లోపలి గదిలో పెట్టి, గుడ్డ కుట్టించి కప్పి, చెప్పులు బయట విడవాలని అట్టముక్క మీద రాయించి తలుపుకు తగిలించాడు. గదిలో ఏసీ లేదు. కిటికీ రెక్క సగం ఊడిపోయి ఉండేది. కింద గొర్రెల లారీ పోయిందంటే దుమ్మంతా నేరుగా వచ్చి మిషను మీదే కూర్చునేది. ఆ దుమ్ముకు ఏ ఆంక్షలూ లేవు, మా చెప్పులకే.

ఆ మిషనులో మెమొరీ నాలుగు ఎంబీ. మెమొరీ అంటే, పని జరుగుతున్నంతసేపు మిషను తన సామాను పరుచుకునే జాగా అనుకోండి. జాగా చాలకపోతే పని నడవదు. ఆ నాలుగు ఎంబీలో కొత్త విండోస్ వేస్తే తెర మీదికి ఇసుక గడియారం బొమ్మ వచ్చేది. మనం కిందికి పోయి టీ తాగి వచ్చినా అది అక్కడే ఉండేది. ఇదేమీ కనుక్కోకుండానే మా పెద్దమనిషి ‘ఇచట విండోస్ నేర్పబడును’ అని బస్టాండు ఎదురుగా బోర్డు పెట్టించాడు. ఇరవై మంది పిల్లలు ఫీజులు కట్టేశారు. వాళ్ళలో సగం మంది చుట్టుపక్కల పల్లెలవాళ్ళు. బ్యాచ్ జూన్‌లో మొదలు కావాలి.

“దాన్ని పదహారు ఎంబీ చేసెయ్ అబ్బయా. సర్టిఫికెట్ ఉండాది గదా నీకు” అన్నాడు, సర్టిఫికెట్టే మెమొరీ అయినట్టు.

ఇన్‌స్టిట్యూట్‌లో నేను కాక ఇంకొక మనిషి ఉండేది. పదకొండేళ్ళుగా అక్కడ టైపు నేర్పుతున్నామె. పిల్లలూ పెద్దలూ అందరూ ఆమెను టైపు మేడం అనేవాళ్ళు. నాకంటే పదీ పన్నెండేళ్ళు పెద్ద. చర్చి వెనక వీధిలో ఒక గదిలో తల్లిని పెట్టుకొని ఉండేది. తల్లికి చూపు సరిగా ఆనదు. ఈ జీతమే ఇద్దరికీ ఆధారం. ఉదయగిరిలో ఇంకొక టైపు ఇన్‌స్టిట్యూట్ లేదు. వింజమూరులో ఉన్నది మూసేసి అక్కడ ఎరువుల కొట్టు పెట్టారు. ఈ సంగతులన్నీ నాకు తెలుసు. తెలిసీ ఆమెను లెక్కచేసేవాణ్ణి కాదు. అర్థం పట్టించుకోకుండా అక్షరాలు కొట్టుకుంటూ పోయేవాళ్ళను చదువుకున్నవాళ్ళలో జమ కట్టకూడదని నా అభిప్రాయం.

మేలో ఒక మధ్యాహ్నం యజమాని మా ఇద్దరినీ పిలిచి చెప్పాడు. టైపు మిషన్లు అమ్మేస్తున్నాడు. జూన్ నుంచి ఒక్క కంప్యూటరే. ఒక మనిషికే జీతం. ఎవరుండాలో మిషను దారికి వచ్చాక చూస్తాడు. చెప్పినంతసేపూ గోడ క్యాలెండర్ వైపే చూశాడు.

బయటికి వచ్చాక ఆమె నన్ను అడిగింది.

“సార్, నాగ్గూడా కొంచెం నేర్పిస్తారా? మూడు నెలల్లో పట్టుకుంటాను.”

“ఇది కీబోర్డు కొట్టే పని కాదు మేడం” అన్నాను.

అలా అన్నందుకు ఆ రోజు నాకు సిగ్గేయలేదు. పైగా ఉన్నమాటే అన్నాననుకున్నాను.

ఆ ఇన్‌స్టిట్యూట్ పద్ధతి ఒకటి ఇక్కడ చెప్పాలి. టైపు హయ్యర్ పరీక్షలో స్టేట్‌మెంట్ అని ఒకటుంటుంది. గడులు గడులుగా ఉండే పట్టికను కాగితం మీద వంకర లేకుండా కొట్టాలి. అందుకు ప్రాక్టీసు పుస్తకాలు దొరుకుతాయి. మా యజమాని కొనేవాడు కాదు. ఇంట్లో ఏ కాగితం ఉంటే అది తెచ్చి పిల్లల ముందు పెట్టేవాడు. మోటారు పంపుసెట్టు కాగితం, బస్సు టైములు, విత్తనాల కంపెనీ కరపత్రం, ఏదైనా సరే. కంప్యూటర్‌తోపాటు వచ్చిన చిన్న పుస్తకం కూడా అలాగే మేడం చేతికి వెళ్ళింది. అందులో మెమొరీ ఎలా అమర్చాలో చెప్పే పట్టిక ఒకటుంది. గడులు ఎక్కువ, అంకెలు ఎక్కువ. స్టేట్‌మెంట్‌కు బ్రహ్మాండంగా పనికొచ్చింది. ఆమె దాన్ని నమూనాగా కొట్టి ఇచ్చేది, పిల్లలు చూసి కొట్టేవాళ్ళు. పుస్తకం అట్ట ఊడి, పేజీలు చినిగి చివరికి ఎటో పోయింది. నేను మాత్రం దాన్ని ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు. కోర్సు చేసినవాడికి పుస్తకమెందుకు?

కంప్యూటర్ డబ్బా మూత విప్పి చూశాను. లోపల పొట్టి పొట్టి గాడులు ఎనిమిది. నాలుగింట్లో వేలెడంత పచ్చ మెమొరీ బద్దలు నిలబడి ఉన్నాయి. ఒక్కొక్కటి ఒక ఎంబీ. మిగతా నాలుగు గాడులు ఖాళీ. ఒక బద్దను పీకి, అగ్గిపెట్టెలో దూది పెట్టి అందులో పెట్టుకొని, మర్నాడు ఆత్మకూరు బస్సెక్కాను. గురువారం. ఏఎస్ పేట దర్గాకు పోయేవాళ్ళతో బస్సు కిక్కిరిసి ఉంది. అక్కడ వాళ్ళు దిగాక గానీ నాకు కూర్చునే చోటు దొరకలేదు.

ఆత్మకూరులో కంప్యూటర్ సామాన్లు అమ్మే కొట్టు ఒకటే ఒకటి. అంతకుముందు అది టేపురికార్డర్లు బాగుచేసే కొట్టు. అంతకుముందు ఆ కొట్టతని ఇంట్లో అందరిదీ గొర్రెల వ్యాపారం. కంప్యూటర్లు పెట్టాక ఇతను టై కట్టాడు. చెమటకు మెడ దగ్గర ఒరుసుకుపోయి ఎర్రబడ్డా దాన్ని విప్పేవాడు కాదు. నా అగ్గిపెట్టెలోని బద్దను తీసి, వెలుతురుకు పెట్టి, అడుగున ఉన్న బంగారు గీతలను వేలిగోరుతో లెక్కపెట్టాడు. పొట్టేలు నోరు తెరిచి పళ్ళు చూసే తీరు అది.

“ముప్పై పళ్ళది సార్. పాత కాలంది. ఇప్పుడొచ్చేవి పొడుగు, డెబ్బై రెండు పళ్ళయి. నా కాడ ముప్పై పళ్ళవీ ఉండాయి. నాలుగేసి ఎంబీలు ఒక్కోటి. ఒక జత తీసుకోండి.”

“జతేనా?”

“ఒంటిది ఎట్టా అమ్మేది సార్? గొర్రెలైనా జతే గదా.”

మా వైపు గొర్రెల బేరం జతల లెక్కనే. సంతలో ఎవడైనా ఒక గొర్రె ధర అడిగితే ఎగాదిగా చూస్తారు. ఆ లెక్కను ఇతను మెమొరీకి కూడా తగిలించాడు. నవ్వొచ్చింది. కానీ నెల్లూరులో నేను నేర్చుకున్న కొత్త మిషన్లలో కూడా బద్దలు జతగానే వేసేవాళ్ళు. నా కళ్ళతో చూశాను. అంటే గొర్రెల లెక్కా నా చదువూ ఒకటే చెప్తున్నాయి. కొత్త రెండు వేసి ఎనిమిది, పాతవి రెండు ఉంచి రెండు, మొత్తం పది ఎంబీ. అది చాలకపోతే ఆనక ఇంకో జత. అతని అజ్ఞానాన్ని మనసులో వెక్కిరించుకుంటూనే అతను ఇచ్చిన జత పట్టుకొని వచ్చాను.

మర్నాడు పాతవి రెండు తీసి కొత్తవి రెండు వేసి స్విచ్చి నొక్కితే మిషను మూడుసార్లు కీక్ మంది. తెర నల్లగా ఉండిపోయింది. గాడులు మార్చాను, మళ్ళీ కీక్. పాత నాలుగూ యథాస్థానంలో పెట్టి, కొత్తవి ఖాళీ గాడుల్లో వేస్తే మిషను లేచింది గానీ నాలుగు ఎంబీ అనే చూపించింది. కొత్తవాటిని అసలు కన్నెత్తి కూడా చూడలేదు.

యజమాని తలుపు దగ్గర నిలబడి చూసి, “శుక్రవారం ఇట్టాంటి పని మొదలుపెట్టకూడదని నేను అనుకుంటానే ఉండాను” అన్నాడు. అనుకున్నవాడు పొద్దున ఎందుకు చెప్పలేదో మరి.

ఆ మధ్యాహ్నం పిల్లలు పోయాక మేడం లోపలికి వచ్చింది. మిషనుకు రెండడుగుల దూరంలో నిలబడి నెమ్మదిగా అంది.

“సార్, వాటికి నాలుగు కావాలంట. ఆ స్టేట్‌మెంట్లో రెండు అనే గడే లేదు. ఒకటి, ఒకటి, ఒకటి, ఒకటి. లేకుంటే నాలుగు, నాలుగు, నాలుగు, నాలుగు. నాలుగు గాడుల్నీ కలిపి బ్యాంకు అని రాసుండాది. ఒక బ్యాంకులో అన్నీ ఒకే సైజువి ఉండాలని కింద రాసినారు.”

నేను స్క్రూడ్రైవర్ కింద పెట్టలేదు. తల కూడా ఎత్తలేదు.

“మేడం, అది టైపు కొట్టుకోడానికి ఇచ్చిన కాగితం. దాన్ని చూసి కంప్యూటర్ రిపేరు చేస్తే ఇంక మేమెందుకు?”

“నాకు తెలిసింది చెప్పినా సార్” అని వెళ్ళిపోయింది.

మళ్ళీ ఆత్మకూరు పోయాను. టై మనిషి ఆ జతను అటూ ఇటూ తిప్పి చూసి, ఇది మీ మిషనుకు పడలేదన్నాడు. పడకపోవడమేమిటని అడిగితే, కొత్త జీవాలు మందలో కలవడానికి రోజులు పట్టదా అని నన్నే అడిగాడు. దాన్ని వెనక్కి తీసుకొని, లోపల్నుంచి ఇంకో జత తెచ్చి, “ఇది సాధు జత సార్” అన్నాడు. ఆ మాట విన్నవాడెవడైనా లేచి బయటికి నడవాలి. నేను నడవలేదు. సర్టిఫికెట్ ఉన్న నేను ఆ సాధు జతను దూదిలో చుట్టుకొని తెచ్చుకున్నాను. అది కూడా మూడుసార్లు కీక్ మంది.

ఇక యజమాని మొహం మాడ్చుకున్నాడు. ఫీజు కట్టిన పిల్లలు రోజూ మెట్లెక్కి వచ్చి, “సార్, మొదలైందా?” అని అడిగి పోతున్నారు. వాళ్ళ కళ్ళల్లో నేను కూడా ఆత్మకూరు టై మనిషి లాంటివాణ్ణే అయిపోతున్నానని తెలుస్తోంది. అది నాకు భరించరానిదిగా ఉంది. ఉద్యోగం పోతుందన్న భయం కంటే ఆ బాధే ఎక్కువ.

ఒకరోజు మేడం అన్నానికి ఇంటికి పోయిన వేళ ఆమె బల్ల మీది ఫైలు తెరిచాను. అటూ ఇటూ చూసి మరీ తెరిచాను. స్టేట్‌మెంట్ పైనే ఉంది. గీతలు గీసినట్టు నిటారుగా గడులు, ఒక్క దిద్దుబాటు లేదు. ఆమె చెప్పినట్టే ఉంది. రెండు అనే గడి లేదు. కింద చిన్న అక్షరాల్లో వాక్యం కూడా ఉంది. దాన్ని చదువుతుంటే మిగతాది తనంతట తనే తట్టింది. నెల్లూరులో నేను చూసినవి పొడుగు బద్దలు. ఇవి పొట్టివి. పొట్టివి నాలుగు కలిస్తే గానీ ఒక పొడుగుదాని పని చేయవు. అందుకే నాలుగూ ఒకే రకం ఉండాలి, ఒకటి తక్కువైనా మిషను లేవదు. పదిహేను రోజులుగా నేను చేసింది గొర్రెల బేరమే.

ఫైలు ఉన్నచోట ఉన్నట్టు పెట్టేసి, ఎవరికీ చెప్పకుండా మూడోసారి ఆత్మకూరు పోయాను. అలాంటిదే ఇంకో జత అడిగాను.

“చెప్పినా గదా సార్, జతలెక్కనే మంచిదని” అన్నాడతను.

డబ్బులిచ్చి పట్టుకొచ్చాను.

పాతవి నాలుగూ తీసేసి కొత్తవి నాలుగూ వేశాను. స్విచ్చి నొక్కితే తెర మీద అంకెలు గబగబా పరుగెత్తి పదహారు వేల పైచిలుకు దగ్గర, అంటే పదహారు ఎంబీ దగ్గర, ఆగాయి. కీక్ మనలేదు. విండోస్ వేస్తే ఇసుక గడియారం వచ్చి, కాసేపు తిరిగి పోయింది. యజమాని పరుగెత్తుకొచ్చాడు. పిల్లలు తలుపు దగ్గర గుమిగూడారు. వాళ్ళ వెనక మేడం, చేతిలో ప్రాక్టీసు కాగితాలతో.

“రెండు మార్లు లేవంది ఇప్పుడెట్టా లేచింది అబ్బయా? ఎట్టా కనిపెట్టినావు?” అన్నాడు యజమాని.

ఆమె నా వైపే చూస్తోంది. ఆ చూపులో నిలదీసినట్టేమీ లేదు. ఊరికే వింటోంది.

“నెల్లూరు కోర్సులో చెప్పినారు సార్. ఈ రకం మిషన్లకు నాలుగూ ఒకే రకం పడాలని” అన్నాను.

మాట తడబడలేదు. అంత సాఫీగా నేను ఆ గదిలో అంతకుముందు ఏ నిజాన్నీ చెప్పలేదు. యజమాని నా భుజం తట్టి పిల్లల వైపు తిరిగి, “చదువుకున్నోడంటే ఇట్టా ఉండాల” అన్నాడు. వెనక ఎవరిదో టైపు మిషను రిబ్బను చిక్కుకుంటే మేడం అటు వెళ్ళింది.

మర్నాడు ఉదయం యజమాని నన్ను పిలిచాడు. జూన్ నుంచి నేనే.

“ఆయమ్మకు నువ్వే చెప్పు. పదకొండేళ్ళు ఉన్న మనిషి, నాకు మొహమాటంగా ఉండాది” అన్నాడు.

పదకొండేళ్ళు పని చేయించుకున్న మనిషికి రెండు మాటలు తన నోటితో చెప్పలేని ఆ పిరికితనం చూసి నాకు అసహ్యం వేసింది. ఆ అసహ్యంతోనే, ఆయన పంపిన పని మీదే, ఆమె దగ్గరికి వెళ్ళాను.

ఆమె పాత పళ్ళ బ్రష్షుతో టైపు మిషను అక్షరాల్లోని మసి తీస్తోంది.

“మేడం, సార్ మీకొక మాట చెప్పమన్నాడు” అన్నాను.

“తెలుసు సార్.”

“నా చేతుల్లో ఏమీ లేదు.”

ఆమె ఒక అక్షరం శుభ్రం చేసి, గుడ్డతో తుడిచి, తర్వాతి అక్షరం పట్టుకుంది. నేను పోకుండా నిలబడ్డాను. ఏదో అనాలి కాబట్టి, తప్పు ఆమె మీదికి నెట్టే మాటే వచ్చింది నోటికి.

“నాలుగు కావాలని తెలిసినప్పుడు నాకెందుకు చెప్పినారు? నేరుగా ఆయనకే చెప్పి ఉంటే సరిపోయేది గదా.”

“ఆయనకే ముందు చెప్పినా సార్. ‘ఆ అబ్బాయికి తెలీకుండా ఉంటుందా, నీ పని నువ్వు చూసుకో’ అన్నాడు. అందుకే మీ కాడికి వచ్చినా. ఇరవై మంది పిల్లోళ్ళు ఫీజులు కట్టేసుండారు. ఎవురో ఒకరు ఆ నాలుగూ తేవాల గదా.”

బ్రష్షు పక్కన పెట్టి మొదటిసారి నా మొహంలోకి చూసింది.

“నిన్న ఆయన అడిగినప్పుడు మీరు చెప్తారనుకున్నా సార్. అంతే.”

ఆ గొంతులో కోపం ఉంటే బాగుండేది. అక్కడున్నంత కాలంలో నేను ఎంతమందిని ఈసడించుకున్నానో చెప్పలేను. యజమానిని, టై మనిషిని, విండోస్ అంటే కిటికీలా అని అడిగిన పిల్లల తండ్రులను. వాళ్ళలో ఎవరూ ఇంకొకరి అన్నం లాక్కోలేదు. ఆ పని చేసింది నేనొక్కణ్ణే.

ఆమె మిషను మూత మూసి, టిఫిన్ డబ్బా తీసుకొని మెట్లు దిగి పోయింది. యజమాని పక్క గదిలోనే పేపరు చదువుకుంటున్నాడు. తలుపు తెరిచే ఉంది. పది అడుగులు కూడా ఉండదు. ఆమె మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూశాను. అప్పుడైనా వెళ్ళి ఆయనకు నిజం చెప్పి ఉంటే ఆమెను వెనక్కి పిలిపించేంత దూరమే.

కాసేపటికి పిల్లలు వచ్చారు. ఫీజుల పుస్తకం తెరిచి, పేర్లు పిలవడం మొదలుపెట్టాను.